లేని దారం

కెమి ఊళ్లో జూన్ నెలకి రాత్రి ఉండదు.
పన్నెండు దాటినా
కాగితం మిల్లు పొగగొట్టం మీద ఎండ కాస్తూనే ఉంటుంది.
ఇలాంటి చోట మతి తప్పినవాణ్ణి
"ఇప్పుడు వేళెంత?" అనడగడం అన్యాయం.
అయినా అడిగాను.
కిటికీలోకి చూసి
"సాయంత్రం. వలలు తీసే వేళ" అన్నాడు తాయ్‌స్తో.
తప్పని రాయడానికి చెయ్యి రాలేదు.

ఆవిరిస్నానాల కొట్టం మెట్ల మీద జారి
చీలమండ విరగ్గొట్టుకుని వచ్చాడు.
చేరిన రోజు ఫారంలో ఒక ప్రశ్న: తాగుతారా?
"అందరిలాగే" అన్నాడు, నవ్వి.
"అందరిలాగే" అని రాసుకున్నాను,
ఇరవై రెండేళ్లుగా ఇదే వార్డులో ఉన్నదాన్ని,
ఆ మాటకి కొలత లేదని తెలిసీ.

మొదటి రోజు చేతులు వణికాయి.
నొప్పి అనుకున్నాం.
రెండో రోజు కన్ను మూయలేదు.
ఎండ అనుకున్నాం, పరదా దించాం.
కాఫీ కప్పు సాసర్లో గలగలమంటూనే ఉంది.
మూడో రోజు
దుప్పటి అంచు పట్టుకుని ఏదో ఏరుతున్నాడు,
చిక్కు తీస్తున్నాడు, పక్కన పెడుతున్నాడు.
శుభ్రం ఎక్కువ కాబోలు అనుకున్నాను.
ఎన్ని అనుకోవడాలు, ఒక్క మనిషి మీద!

"తలుపు మూయి, ఇర్మెలీ,
నీళ్లు బయటికి పోతాయి."
పైకప్పు నిండా వెండి చేపలట,
వేలెడంతవి, గుంపులు గుంపులుగా.

అప్పుడు గుర్తొచ్చింది
రిటైరైన ఔనె నేర్పిన పాత కిటుకు.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
ఏమీ లేని చెయ్యి చాచి
"దారం పట్టుకోండి" అన్నాను.

పట్టుకున్నాడు.
కొస నాలుకతో తడిపాడు.
వేలికొక చుట్టు, లోపల్నించి ఒక మెలి.
గాలిలో ముడి పడింది.
ఎంత చక్కటి ముడంటే
లాగితే బిగుస్తుందని నాకూ అనిపించింది.

పరుగెత్తాను.

నాడి నూట ముప్పై ఆరు.
జ్వరం ముప్పై ఎనిమిదిన్నర.
చొక్కా పిండితే నీళ్లు.
పడ్డవాడు కదా, తలకి స్కాన్ తీశాం,
చక్కెర చూశాం, చీము ఎక్కడైనా ఉందేమో వెతికాం.
కొత్త డాక్టరు రూబెన్ పట్టీలు తెమ్మన్నాడు, కట్టేద్దామని.
"వద్దు డాక్టర్,
ఇప్పటికే వలలో ఉన్నాడు."

నరంలోకి డయజిపామ్.
పది నిమిషాలు ఆగి, మళ్లీ.
పది నిమిషాలు ఆగి, మళ్లీ.
నాలుగోసారి రూబెన్ చెయ్యి ఆగింది.
"ఊపిరి నేను లెక్కపెడతాను. మీరివ్వండి."
గ్లూకోజ్ కంటే ముందు తయామిన్,
మాడిన మెదడుకి ముందు అది, తర్వాతే తీపి.
ఆపైన మెగ్నీషియం, సెలైన్.
దించిన పరదా నేనే పైకెత్తాను.
చేపలు నీడల్లోంచే పుడుతున్నాయి.

టోర్నియోలో చెల్లెలు హిల్క్కా ఫోనెత్తింది.
"అందరిలాగానా?
మంచు కరిగినప్పట్నించీ రోజుకో సీసా వోడ్కా.
ఆదివారం ఒకటిన్నర.
శనివారం నించీ చుక్క లేదన్నమాట, పాపం."
కాసేపాగి,
"నన్నెవరూ అడగలేదే" అంది.

మంచం పక్కనే కూర్చున్నాను.
ప్రతి అరగంటకీ పేరు చెప్పాను, నాదీ ఆయనదీ,
ఇది ఆసుపత్రి అని చెప్పాను.
"చేపలెన్ని?"
"లెక్కకి రావు."
మూడింటికి, "ఓ వంద."
నాలుగున్నరకి, "ఏడు. ఒకటి చచ్చింది."
ఆరింటికి నోరు తెరుచుకుని గురక.
వణికే చేతులు అలాగే పొట్ట మీద,
ఒకదాన్నొకటి పట్టుకుని.

ఆరో రోజు నా డ్యూటీలో లేచి కూర్చున్నాడు.
"ఏమైనా వాగానా?"
"తలుపు మూయమన్నారు."
చాలాసేపు మాట్లాడలేదు.
తన వేళ్లనే చూసుకున్నాడు,
ఎవరో అరువిచ్చినవాటిలా.

కొత్త ఫారం తీశాను. అదే ప్రశ్న.
కిటికీ నిండా ఎండ.
కిటికీ చూశాడు,
గోడ గడియారం చూశాడు,
మళ్లీ కిటికీ చూశాడు.
"పదకొండు. రాత్రి పదకొండు" అన్నాడు.
నేనింకా అడగనేలేదు.
"ఇక రాసుకో."